బస్సులు గీసే బుజ్జికి

హైదరాబాద్

బుజ్జీ,

నీ ఉత్తరం, దాంతోపాటు కొరియర్లో పంపిన నోట్‌బుక్కు అందాయి. మీ అమ్మకి చెప్పి రాశావో చెప్పకుండా రాశావో గానీ, చివర్న "మామయ్యా, నా మనసు నొచ్చుకుంటుందని అబద్ధం చెప్పకు" అని కింద గీత గీసి మరీ రాశావు. కాబట్టి మొహమాటం పక్కన పెట్టేసే రాస్తున్నాను.

ముందు నోట్‌బుక్కు సంగతి. అన్నీ బస్సులే! ఒకటో తరగతిలో నువ్వు క్రేయాన్లతో గీసిన డబ్బాలు నాకు బాగా గుర్తు. నాలుగు చక్రాలూ ఒకే వైపున కనిపించేవి. ఇప్పుడు పల్లెవెలుగు వెనక టాపు మీదికి ఎక్కే నిచ్చెనలో ఏ మెట్టు వంగిందో కూడా వేస్తున్నావు. కిటికీ ఊచలకి చేతులు రాసుకుని రంగు పోయినచోట పెన్సిలు తేల్చి వదిలేశావు. పాత బండి డ్రైవరు క్యాబిన్ వేసిన పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇంజను బానెట్ మీద మడిచి పరిచిన గోనెసంచి, అద్దం పైన వెంకన్న పటం, దానికి వాడిపోయిన చామంతి దండ, గేరు రాడ్డు గుండు మీద అరిగిపోయిన అంకెలు. పత్రికల్లో బొమ్మలేసి బతికినవాణ్ణి గనక చెబుతున్నా. కథలో బస్సు వస్తే ఒక పెట్టె, రెండు చక్రాలు గీసి, పక్కన 'ఆర్.టి.సి.' అని రాసి, సాయంత్రానికి ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. నువ్వు వేసిన బండి ఏ డిపోదో కూడా చెప్పొచ్చు.

అయితే పుస్తకం మొత్తం మీద ఒక్క మనిషి లేడు. డ్రైవరు సీటు ఖాళీ, కండక్టరు సీటు ఖాళీ, ఖమ్మం బస్టాండు పట్టపగలు కర్ఫ్యూ పెట్టినట్టుంది. "మనుషులు రారు మామయ్యా, వంకరపోతారు. అందుకే నేను ఆర్టిస్టుని కాలేనేమో" అని నువ్వే రాశావు. దాని గురించే ముందు మాట్లాడదాం, మీ నాన్న చేరమంటున్న ఇంజనీరింగా కాదా అన్నది తర్వాత.

కిందటి సంక్రాంతికి నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టి 'టొటొరో' చూపించావే, ఆ సినిమా తీసిన హయావో మియజాకి చిన్నప్పుడు మనుషుల్ని వెయ్యలేకపోయేవాడు. కామిక్కులు గీసేవాణ్ణి కావాలని ఆయన కోరిక. కాగితం ముందు పెట్టుకుంటే వచ్చేవి మాత్రం విమానాలు, ట్యాంకులు, యుద్ధనౌకలు. ఏళ్ల తరబడి అవే. 1941లో టోక్యోలో పుట్టాడు. పెదనాన్న కంపెనీ 'మియజాకి ఎయిర్‌ప్లేన్'కి తండ్రి డైరెక్టరు. యుద్ధకాలంలో వాళ్లు ఫైటర్ విమానాలకి చుక్కానులు తయారుచేశారు. అంటే నీకు బస్టాండు ఎలాగో ఆ పిల్లాడికి విమానం భాగాలు అలాగ, ఇంట్లో పొద్దున్న లేస్తే వినబడే మాట.

ఆయన తర్వాత తీసినవి వరసగా చూడు. 'నౌసికా'లో నాయిక ఎక్కి గాలి మీద తేలే చిన్న గ్లైడరు. 1992లో 'పోర్కో రోస్సో', పంది మొహం ఉన్న విమాన చోదకుడి కథ. 1985లో పెట్టుకున్న స్టూడియోకి 'జిబ్లీ' అని పేరు, అది ఒక ఇటాలియన్ విమానం పేరు. ఇదంతా చూస్తే ఎవరైనా ఏమంటారు? "చూశారా, చిన్ననాటి ఇష్టాన్ని వదల్లేదు, పైకొచ్చాడు" అంటారు. మైకు ముందు నిలబడి పిల్లలకి ఉత్సాహం ఎక్కించేవాళ్లు చెప్పేది ఇంతే. నాకు ఆ మాట చాలదు. విమానాలంటే పడి చచ్చే పిల్లలు ప్రపంచంలో కోట్లమంది ఉంటారు. ఇష్టం ఒక్కటే సరిపోయేదైతే మన వీధి నిండా కళాకారులే ఉండేవాళ్లు.

ఆయన విషయంలో నన్ను పట్టుకున్నది వేరే ఉంది. 1945లో ఉత్సునొమియా మీద బాంబులు పడినప్పుడు నాలుగేళ్లవాడు ఆ ఊళ్లో ఉన్నాడు, పెద్దవాళ్లు ఎత్తుకుని పారిపోయారు. బాంబులు వేసినవీ విమానాలే. తమ ఇంటికి అన్నం పెట్టిందీ యుద్ధ విమానాలే. పెద్దయ్యాక ఈ లెక్క ఆయనకి తెలిసింది. ఊరంతా చితికిపోతున్నప్పుడు తమ కుటుంబం సుఖంగా ఉందన్న అపరాధ భావాన్ని ఆయన దాచుకోలేదు కూడా. ఇక విమానాల బొమ్మలు చింపేసి, బుద్ధిగా పూలూ చెట్లూ వేసుకోవచ్చు. లేదా ఆ సంగతి మరిచిపోయి హాయిగా విమానాలే వేసుకోవచ్చు. ఆయన రెండూ చెయ్యలేదు. యుద్ధమంటే అసహ్యం, యుద్ధ విమానమంటే మోజు, రెండూ అలాగే పెట్టుకుని డెబ్బై దాటాక, 2013లో, 'ది విండ్ రైజెస్' తీశాడు. జీరో ఫైటర్‌కి రూపకల్పన చేసిన హొరికొషి జిరో కథ అది. అందమైనదొకటి తయారుచెయ్యాలని కలగన్నవాడి చేతిలోంచి చంపే యంత్రం వస్తే ఆ మనిషిని ఏమనాలి అని సినిమా అంతా అడుగుతుంది, జవాబు చెప్పదు. నాలుగేళ్ల పిల్లాడి మోజు డెబ్బై ఏళ్ల ముసలాయన చేతికి వచ్చేసరికి ప్రశ్న అయింది. చిన్నప్పటి పిచ్చి పెద్ద పనికి దారితీయడమంటే నాకు అర్థమైనంతలో ఇదీ: అది మనతోపాటు వయసు పెరగాలి. ఆరేళ్లప్పుడు ఎలా ఇష్టపడ్డామో అలాగే పదిలంగా దాచిపెడితే అది ఆల్బమ్‌లో ఫోటోలాగా ఉండిపోతుంది.

ఇంకో సంగతి. 'టొటొరో'లో అమ్మ ఆస్పత్రిలో ఉంటుంది కదా. మియజాకి తల్లికి వెన్నెముక క్షయ. 1947 నుంచి ఏళ్ల తరబడి మంచాన ఉంది. ఆ సినిమాలో నీకు బాగా నచ్చింది పన్నెండు కాళ్ల పిల్లి బస్సు. పిల్లలకి అదే నచ్చుతుంది. ఆ బస్సు చివర్న ఆ అక్కచెల్లెళ్లని ఎక్కడికి తీసుకెళ్తుంది? ఆస్పత్రి దగ్గరికి. కనక మనల్ని తయారుచేసేవి ఇష్టాలొక్కటే అనుకోకు. మనం నోరు తెరిచి చెప్పుకోని భయాలు కూడా పక్కనే నడుస్తుంటాయి. మీ నాన్న ఉద్యోగం పోయిన ఏడు నువ్వు బస్టాండులో ఎక్కువసేపు కూర్చోవడం మొదలెట్టావని మీ అమ్మ ఒకసారి ఫోన్లో అంది. దాని గురించి నాకేమీ చెప్పక్కర్లేదు. అదీ నీ సరుకే అని మాత్రం తెలుసుకో.

జపాన్ సంగతి జపాన్‌కేగానీ, మన దగ్గరి కథ ఇంకా రుచిగా ఉంటుంది.

బాపు, రమణ పేర్లు నీకు తెలుసు, 'బుడుగు' మీ ఇంట్లో ఉంది, చిన్నప్పుడు దాని అట్ట నువ్వే చింపావు. మద్రాసు మైలాపూరులో పి.ఎస్. హైస్కూల్లో ఇద్దరూ కలిశారు. ఒకడికి బొమ్మల పిచ్చి, ఒకడికి రాతల పిచ్చి. అప్పట్లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు 'బాల' అనే పత్రిక పెట్టారు. 1945లో అందులో రమణ మొదటి కథ 'అమ్మ మాట వినకపోతే' వచ్చింది. ఆయనకి పద్నాలుగేళ్లు, బొమ్మలేసే బాపుకి పన్నెండు కూడా నిండలేదు. ఈ కుర్రాళ్లే 'ఉదయభాను' అని ఒక పత్రిక నడిపారు, సైక్లోస్టైల్ మెషీన్ మీద. రమణ ఎడిటరు, బాపు ఆర్టిస్టు. సైక్లోస్టైల్ అంటే నువ్వు చూసి ఉండవు. మైనపు కాగితం మీద ఇనుప మొన పెన్నుతో రాస్తే రాసినచోట మైనం లేచిపోతుంది, రోలరుతో సిరా పూస్తే ఆ సందుల్లోంచి కింద కాగితం మీద పడుతుంది. చెయ్యి కాస్త గట్టిగా నొక్కితే కాగితం చిరిగి సిరా ముద్ద, తేలిగ్గా పట్టుకుంటే గీతే రాదు. సరిదిద్దడం కష్టం. బాపు గీతలో అనవసరమైనది ఒక్కటీ ఉండదని అందరూ అంటారే, దానికీ ఈ మైనం కాగితానికీ సంబంధం ఉందని నేను రుజువు చెయ్యలేను. నా అనుమానం మాత్రం నాకుంది.

ఇద్దరి దారీ చూడు. రమణకి చిన్నతనంలోనే తండ్రి పోయాడు, ఇంట్లో ఇబ్బంది. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ఆగిపోయింది, చేతికందిన చిన్నాచితకా ఉద్యోగాలన్నీ చేసి చివరికి ఆంధ్రపత్రికలో చేరాడు. బాపు చక్కగా చదువుకుని 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం లా డిగ్రీ తీసుకున్నాడు. కోర్టుకి వెళ్లాల్సినవాడు ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశాడు, ప్రకటనల కంపెనీల్లో పనిచేశాడు. ఒకడికి చదువు లేక, ఒకడికి చదువుండీ, ఇద్దరూ ఒకే గుమ్మం తొక్కారు. 1956లో బుడుగు వచ్చాడు. అప్పులవాళ్లని తప్పించుకు తిరిగే మనుషుల మీద రమణ 'ఋణానందలహరి' రాశాడు. లేమిని ఎరిగినవాడు దాన్ని ఏడుస్తూ రాయకుండా నవ్విస్తూ రాశాడు. ఇందాక మియజాకి తల్లి గురించి చెప్పినది ఇక్కడ మళ్లీ గుర్తు తెచ్చుకో.

బాపు సంగతికొస్తే, ఆయన పిచ్చి రాముడు. బొమ్మల్లో రాముడు, క్యాలెండర్లలో రాముడు, సినిమాల్లో రాముడు. 'సంపూర్ణ రామాయణం' తీశాడు. ఆ తర్వాత 1975లో 'ముత్యాలముగ్గు'. పైకి చూస్తే గోదావరి ఊళ్లో ఒక కాపురం కథ, కంట్రాక్టరు రావు గోపాలరావు మాటలు ఇప్పటికీ జనం నోట్లో ఉన్నాయి. లోపల ఉన్నది మాత్రం ఉత్తరకాండ: నింద పడి ఇల్లు వదిలిన సీత, తండ్రీ తల్లుల్ని మళ్లీ కలిపే పిల్లలు. చివరి సినిమా 2011లో 'శ్రీరామరాజ్యం', అదీ ఉత్తరకాండే. మాటలు రాసిన రమణ అది విడుదలయ్యే నాటికి లేరు. చిన్నప్పుడు ప్రేమించిన దేవుడు భార్యని అడవికి పంపాడన్న చోట ఈ భక్తుడు మళ్లీ మళ్లీ వచ్చి ఆగుతున్నాడు. ఇది నా చూపు సుమా, అయ్యగారిని అడిగితే నవ్వి ఊరుకునేవారేమో. ఆయన తక్కువ మాటల మనిషి.

మియజాకికి విమానం, బాపుకి రాముడు. నువ్వు ఆర్.టి.సి. బస్సు అంటున్నావు. నాకు తేడా ఏమీ కనిపించడం లేదు.

ఇక పొట్టకూటి సంగతి. పెద్దలకి ఇది కావాలి, నీక్కూడా కావాలి. లేకపోతే అంత పెద్ద ఉత్తరం రాసేదానివి కావు.

కలకత్తాలో సత్యజిత్ రాయ్ తాత ఉపేంద్రకిశోర్ హాఫ్‌టోన్ బ్లాకుల తయారీలో దేశంలోనే ముందున్నవాడు. 1913లో 'సందేశ్' అని పిల్లల పత్రిక పెట్టాడు. ఇంట్లోనే ప్రెస్సు. ఆయన రాయ్ పుట్టకముందే పోయాడు, తండ్రి సుకుమార్ రాయ్ పిల్లాడికి మూడేళ్లు నిండకముందే పోయాడు. పిల్లాడు మాత్రం బ్లాకులు చేసే గదిలో తిరుగుతూ పెరిగాడు. పెద్దయ్యాక కూడా టర్పెంటైన్ వాసన తగిలితే ఆ గదే కళ్లముందు కనిపించేదని చెప్పుకున్నాడు. ఇంత వారసత్వం ఉన్నవాడు 1943లో ఏం చేశాడు? డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో నెలకి ఎనభై రూపాయలకి జూనియర్ విజువలైజరుగా చేరాడు. పన్నెండు పదమూడేళ్లు అక్కడే. పక్కన సిగ్నెట్ ప్రెస్సుకి పుస్తకాల అట్టలు వేశాడు. ఆ పనిలో భాగంగానే 'పథేర్ పాంచాలీ' నవలకి పిల్లల కోసం చేసిన సంక్షిప్త ప్రతికి బొమ్మలేశాడు. బొమ్మలేస్తుంటే సినిమా కనిపించింది. శని ఆదివారాలు షూటింగు, సోమవారం మళ్లీ ఆఫీసు. డబ్బు అయిపోతే ఇన్సూరెన్సు పాలసీ, భార్య నగలు తాకట్టు. 1955లో సినిమా బయటికొచ్చింది.

రాయ్‌నీ బాపునీ పక్కపక్కన పెట్టి చూడ్డం నాకు భలే సరదా. ఇద్దరూ ప్రకటనల కంపెనీల్లో పనిచేశారు. ఇద్దరూ పుస్తకాల బొమ్మల్లోంచి సినిమాలోకి వచ్చారు. ఇద్దరూ షాట్లు తీసేముందు బొమ్మలుగా వేసుకునేవారు. రాయ్ ఎర్రగుడ్డ అట్ట ఉన్న పద్దుల పుస్తకాల్లో, మన కోమటి కొట్లలో ఉండేలాంటివి, తన సినిమాలు వేసుకున్నాడు. ఇద్దరికీ అక్షరాలంటే మోజు: రాయ్ ఇంగ్లీషు టైపుఫేసులు తయారుచేశాడు, బాపు చేతిరాత పెళ్లి శుభలేఖల మీద ఊరూరా తిరుగుతోంది. మొదటి సినిమా వచ్చేసరికి రాయ్‌కి ముప్పై నాలుగు, 1967లో 'సాక్షి' వచ్చేసరికి బాపుకి ముప్పై మూడు. మియజాకి అయితే మొదటిసారి పూర్తి నిడివి సినిమాకి దర్శకుడయ్యేసరికి ముప్పై ఎనిమిది. నీకు పదిహేడు. "అప్పుడే ఆలస్యమైపోయిందా" అని రాశావు చూడూ, అక్కడ నవ్వొచ్చింది నాకు.

మన విశ్వనాథ్‌గారు బి.ఎస్సీ. చదివి మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండు రికార్డిస్టుగా మొదలుపెట్టారు. తర్వాత 'శంకరాభరణం' తీసిన మనిషి, ఏళ్లపాటు ఇతరుల సినిమాల శబ్దం వింటూ కూర్చున్నాడంటే అది వృథా కాలం అనగలమా?

వీళ్లందరిలో నాకు కనిపించేది ఇది: తమ పిచ్చికి పక్కింట్లో ఉన్న పని పట్టుకున్నారు. జీతం తక్కువైనా, గొప్ప పేరు లేకపోయినా, రోజూ చెయ్యి ఆడే పని. పిచ్చినే ఉద్యోగంగా ఇమ్మని పట్టుబట్టలేదు, పిచ్చికి సంబంధం లేని చోటికి పోయి కూర్చోనూ లేదు. నేనూ సినిమా టైటిళ్ల అక్షరాలు పలక మీద దిద్దుకుంటూ పెరిగి, పత్రికలో కథల పేర్లు రాసే పనిలో కుదురుకున్నవాణ్ణే. గొప్పవాణ్ణి కాలేదు, అది వేరే సంగతి. పని మాత్రం ఎన్నడూ విసుగనిపించలేదు.

ఆ "విసుగనిపించలేదు" అన్నదాన్ని తప్పుగా తీసుకోకు. ఇష్టమైన పనిలో కష్టం తెలియదని చెప్పేవాళ్ల మాట నమ్మకు. తెలుస్తుంది, నడుము చెబుతుంది. మియజాకి యూనివర్సిటీలో రాజకీయ, ఆర్థిక శాస్త్రాలు చదివి 1963లో తోయ్ స్టూడియోలో చేరాడు. ఇచ్చిన పని ఇన్‌బిట్వీనింగ్. అంటే, ఒక పాత్ర చెయ్యి ఎత్తడం మొదలెట్టిన బొమ్మ, ఎత్తేసిన బొమ్మ పెద్ద ఆర్టిస్టు వేస్తాడు. మధ్యలోవి నువ్వు వెయ్యాలి. తెర మీద సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెట్టినా సెకనుకి పన్నెండు బొమ్మలు. గీత వెంట్రుకవాసి పక్కకి పోతే తెర మీద చెయ్యి వణుకుతుంది. కథ నీది కాదు, పాత్ర నీది కాదు, పేరు ఎక్కడో చివర్న. ఆ కుర్చీలోనే కూర్చుని, 1965లో ఒక గలివర్ సినిమాకి ముగింపు ఇలా ఉంటే బాగుంటుందని చెబితే పెద్దలు ఒప్పుకున్నారు. ఆ స్టూడియోలోనే ఇసావో తకహాతా దొరికాడు. ఇద్దరూ కలిసి చివరికి జిబ్లీ పెట్టారు. బాపుకి రమణ దొరికినట్టు. బుజ్జీ, నీకు క్లాసులో అలాంటి మనిషి ఒకరుంటే ఎంతో మంచిది. నీ బొమ్మల్ని "సూపర్" అనేవాళ్లు కాదు, "ఈ బస్సు కదలడం లేదే" అనేవాళ్లు. ఫోన్లో గుండె గుర్తులు కొట్టేవాళ్ల వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు మనుషులు రారన్న సంగతి. అనాటమీ పుస్తకాలు కొనమని చెప్పను, అవి తర్వాత కొందాం. నువ్వు బస్టాండు బెంచీ మీంచి బస్సుని బయటినుంచి వేస్తున్నావు. లోపలికెక్కు. ఖమ్మం నుంచి వైరా దాకా పోయి రా, నీకెలాగూ జీరో టికెట్టే. సీటు దొరికినా కూర్చోకు, వెనక తలుపు దగ్గర నిలబడి చూడు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లందరూ ముందుకే తూలుతారు, కానీ ఇద్దరు ఒకేలా తూలరు. చంకలో పిల్ల ఉన్నావిడ ముందు పిల్ల వీపు మీదికి చెయ్యి తెస్తుంది, తర్వాత రాడ్డు వెతుక్కుంటుంది. కాలేజీ కుర్రాడు పట్టుకోకుండా నిలబడగలనని చూపించుకోబోయి పక్కాయన కాలు తొక్కుతాడు. ముసలావిడకి బ్రేకు సంగతి డ్రైవరు కంటే ముందే తెలుస్తుంది, అప్పటికే రెండు చేతులతో సీటు అంచు పట్టేసుకుని ఉంటుంది. కండక్టరు ఒక్కతే కదలదు. తుంటి సీటు రాడ్డుకి ఆనించి, ఒక చేత్తో టికెట్టు మిషను, ఇంకో చేత్తో ఆధార్ కార్డు పట్టుకుని అలాగే నిలబడి ఉంటుంది. మనుషుల్ని వేస్తున్నాననుకోకు. ఆ బ్రేకు ఒంట్లో ఎక్కడెక్కడ తగిలిందో వెయ్యి. మొహాలు వద్దు, ముక్కూ కళ్లూ అసలొద్దు. వెన్ను గీత ఒకటి, చేతుల గీతలు రెండు, పాదాలు ఎటు తిరిగాయో. నీకు బస్సు బరువు తెలుసు, అది ఎటు ఊగుతుందో తెలుసు. మనిషి బరువు దానికి జవాబు చెబుతుంది. నిచ్చెన మెట్టు వంగిందని కనిపెట్టిన కంటికి ఇది కష్టం కాదు.

అలాగే అడుగు కూడా. ఆడవాళ్లకి జీరో టికెట్టు ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్లో మొదలయ్యాక బస్సులో వాళ్లు పెరిగారు. ఎక్కడికి పోతున్నారు, ఇదివరకు పోలేక ఆగిపోయినవాళ్లెవరు, రోజూ ఎక్కే ఆ కూరల గంపావిడ మిగిలిన డబ్బుతో ఏం చేస్తోంది. సీటు దొరకని మగవాళ్లు ఏమని సణుగుతున్నారు. ఆరేళ్లప్పుడు నీకు బస్సు అంటే హారను, రంగు. పదిహేడేళ్లప్పుడు ఇవి కూడా బస్సే. విన్నవి బొమ్మ పక్కనే రెండు ముక్కల్లో రాసిపెట్టుకో.

ఇక మీ నాన్న. బావగారు చెడ్డ సలహా ఇవ్వలేదు, భయపడి ఇచ్చారు, ఆ భయానికి కారణం నీకు తెలుసు. ఎప్‌సెట్ రాయి, మానకు. దాంతోపాటు డిజైన్ చదువు కోసం ఎన్.ఐ.డి. ప్రవేశపరీక్షకి కూడా దరఖాస్తు పెట్టు. ఇంటర్లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు అంచెలు ఉంటాయి. ఒక్క అహ్మదాబాదే అనుకోకు, పక్కనే ఆంధ్రలోనూ ఒక ఎన్.ఐ.డి. ఉంది. ఇక్కడ మాసాబ్‌ట్యాంక్‌లో జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు. అనే యూనివర్సిటీలో బి.ఎఫ్.ఎ. ఉంది, అందులో యానిమేషనూ ఉంది, దానికి ప్రవేశపరీక్ష వేరు. నువ్వు ఇక్కడ చేరితే మా ఇంట్లోనే ఉండొచ్చు, హాస్టలు ఖర్చు తప్పుతుంది. ఇవేవీ రాకపోతే ఇంజనీరింగులో చేరు, నేనేమీ బాధపడను. లా చదివినవాడూ ఎకనామిక్స్ చదివినవాడూ ఏం చేశారో పైన రాశాను. మానెయ్యకూడనిది మాత్రం ఒకటుంది: రోజూ ఒక పేజీ. కాలేజీ మారినా, గ్రూపు మారినా, ఇంట్లో గొడవైనా.

ఆదివారం సాయంత్రం బావగారికి ఫోన్ చేస్తాను. ఆయన మొదట అడిగేది ఫీజులు, తర్వాత అడిగేది "చదివాక ఎంతొస్తుంది" అని. రెండోదానికి నా దగ్గర గ్యారంటీ లేదు, ఉన్నట్టు నటించను. మొదటిదానికి లెక్క కావాలి. ఈ వారంలో ఆ మూడు చోట్లా ఫీజెంత, స్కాలర్‌షిప్పు ఏమైనా వస్తుందా, దరఖాస్తుకి ఆఖరు తేదీ ఎప్పుడు అన్నది వెబ్‌సైట్లు చూసి ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి నాకు పంపు. అందాజుగా రాయకు, బావగారు అకౌంట్సు మనిషి, పట్టేస్తారు.

అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది. గోంగూర పచ్చడి సీసా మీ అమ్మ దగ్గరే ఉండిపోయిందట, ఎవరైనా ఇటు వస్తుంటే పంపమంది.

మీ మామయ్య